పసిబిడ్డలుగల యిల్లు

ఈ వార్షిక సంచికకు గృహనిర్వహణమును గూర్చి యేదైన వ్రాయుడని మమ్ము గోరినప్పుడు మాకు మొదట నవ్వు వచ్చినది. మా యిల్లు చూచినవారెవ్వరును మమ్మీ విషయమున ప్రమాణముగా గైకొనరు. బందరులో రెండు గదులును, ఒక వంటయిల్లును, వెనుక చిన్న పెరడునుగల అద్దెయింట మేము కాపురముండి యిద్దరు బిడ్డలను పెంచితిమి. మాలో నొకరు బడిలోను, ఒకరు తపాలా కచేరీలోను పనిచేయువారము. ఎవ రెక్కడ ననునది యిచ్చట నక్కరలేదు. ఊడ్చుటయు తుడుచుటయు నిద్దరి పనియే గాన "మేము" అని వ్రాయుచున్నాము.

బిడ్డలు పుట్టకముందు మా యిల్లు చక్కగా నుండెడిదని మేమే చెప్పుకొనవలెను. ఉదయము ఒకరు ఊడ్చిన సాయంకాలము దాక ఊడ్చినట్లే యుండెడిది. పుస్తకములు పుస్తకముల చోటను, గిన్నెలు గిన్నెల చోటను నుండెడివి. అది మా సామర్థ్యమని యనుకొంటిమి. 2009లో అమ్మాయి పుట్టినది. 2012లో అబ్బాయి పుట్టినాడు. అప్పటినుండి ఊడ్చిన గది వెనుకకు తిరిగి చూచులోపల నింకొక రూపము దాల్చెడిది. మరమరాలు, విరిగిన బలపములు, ఒంటి చెప్పు, తడిసిన గుడ్డలు, నమిలి పారవేసిన జామకాయ ముక్కలు! సామర్థ్యమనుకొన్నది యంతయు బిడ్డలు లేకపోవుటయే యని యప్పుడు తెలిసినది.

అమ్మాయికి నాలుగేండ్లు, అబ్బాయి యింకను దోగాడు దినములలో పిల్లల నాయనమ్మగారు పల్లెనుండి వచ్చి పది దినము లుండిరి. ఆమె వచ్చిన మొదటి దినముననే నడుమ గదిలో నిలువబడి నాలుగు వైపుల జూచి, "ఏమర్రా, మీ ఇల్లంతా నేల మీదే ఉందే!" యనిరి. అది మందలింపని తలంచి మేము లోలోపల నొచ్చుకొంటిమి. ఆమె చెప్పినది వట్టి నిజము. పల్లెలోని యామె యింట పాలును పెరుగును ఉట్టిమీద నుండెడివి. బట్టలు దండెముమీద, గొడుగును సంచులును చిలుకకొయ్యలకు, ఊరగాయ జాడీలును ఏటికొకసారి వాడు గంగాళములును అటకమీద, మందుసీసాలు తలయెత్తు గూటిలో నుండెడివి. నేలమీద చాపయు, పీటయు, మంచినీళ్ల బిందెయు దప్ప మరేమియు లేదు. పిల్లులకును చీమలకును జడిసి చేసిన యేర్పాటని మేమంతవరకు దలచితిమి. దోగాడు బిడ్డయు నా లెక్కలోనివాడే యని ఆమె చెప్పిన తరువాత దోచినది. మేమో, అంగడిలో గొన్న సొరుగుల బల్లలు, నేలనుండియే మొదలగు అలమరలు తెచ్చి, ఇంటిలోని సమస్తమును పదునాలుగు నెలల బిడ్డ చేతి యెత్తున నమర్చి, పిదప వాడన్నియు లాగుచున్నాడని విసుగుకొనుచుంటిమి.

ఆమె మాట విని వెంటనే సరిదిద్దుకొన్నచో నీ వ్యాసము చిన్నదయ్యెడిది. మేము దిద్దుకొనలేదు.

2013 దసరాకు ముందొక యాదివారము మా కచేరీలోని పెద్దవారొకరు సకుటుంబముగా మా యింటికి వచ్చుటకు నిశ్చయమైనది. రెండు దినముల ముందునుండి యిల్లు దులిపితిమి. పంకాల ఱెక్కలకు బట్టిన జిడ్డు పోవుటకు కిరసనాయిలు తెచ్చి, పానీయముల ఖాళీసీసాలో పోసి, గుడ్డతో తుడిచితిమి. పని ముగియకమునుపే వేళ మించిపోవుటచే కంటికి గనబడునదంతయు నెక్కడనో యొకచోటికి ద్రోసితిమి. మంచముక్రింద సగమిల్లు చేరినది. సీసా వంటయింటి క్రింది యరలో, మంచినూనె డబ్బా ప్రక్కన బడినది. అతిథులకు ముందుగది యద్దమువలె గనబడవలెనను నాతురతయే గాని, ఆ యర యెవరి యెత్తున నున్నదో యను తలంపు మా కిరువురిలో నొకరికిని గలుగలేదు.

అతిథులు వచ్చి కాఫీ త్రాగుచుండగా అమ్మాయి పరుగెత్తుకొని వచ్చి, "నాన్నా, తమ్ముడు జ్యూసు తాగాడు, దగ్గుతున్నాడు" అనెను. ఇంటిలో జ్యూసు లేదు.

పొరుగింటి పెద్దావిడ కేకలు విని వచ్చి, ఉప్పునీళ్లు త్రాగించి కక్కింపుడనిరి. మంచి మనస్సుతో చెప్పిన మాటయే. మేము లోటాలో ఉప్పు కలిపితిమి గూడ. ఇంతలో వీధిలో ఆటో దొరుకుటచే లోటా నచ్చటనే విడిచి బయలుదేరితిమి. మా తెలివిచేత గాదు. ఆసుపత్రిలో వైద్యులు మొదట నడిగిన ప్రశ్న, "వాంతి చేయించారా?" యని. లేదంటిమి. ఆయన తల యూపి, బిడ్డ ఱొమ్మున గొట్టము పెట్టి చాలసేపు వినిరి. కిరసనాయిలు కడుపులో నున్నదానికంటె ఊపిరితిత్తులలోనికి బోయినదే యపాయకరమనియు, కక్కించినచో నది తిరిగి పైకి వచ్చి ఊపిరిగొట్టమున దిగుననియు, ఉప్పునీ రెవరికిని త్రాగింపరాదనియు, అట్టి సమయమున సీసా సహితముగా బిడ్డను తెచ్చుట యుత్తమమనియు పిమ్మట చెప్పిరి. ఆ రాత్రి వాని యూపిరి లెక్కించుచు గూర్చుంటిమి. నిమిషమునకెన్ని యను సంఖ్య మాకిప్పటికిని జ్ఞాపకమున్నది గాని వ్రాయుట కిష్టము లేదు. మరునాటి యుదయమున వాడు ఇడ్డెన అడిగినాడు.

ఇంటికి వచ్చి చూడగా ముందుగది యద్దమువలెనే యున్నది.

అప్పుడు గదా నాయనమ్మగారి మాట పనికి వచ్చినది! ఒక గజము ఎత్తున గోడమీద సుద్దతో గీత గీచితిమి. అపాయకరమైన దేదియు గీతకు క్రింద నుండరాదు. అటకకు గొళ్లెము పెట్టి, ఫినాయిలు, బ్లీచింగుపొడి, మరుగుదొడ్డి కడుగు ఆమ్లము, చీమలమందు పైకెక్కించితిమి. త్రాగు పదార్థముల సీసాలో త్రాగరానిది పోయుట మా యింట నాటితో నిలిచిపోయినది. బ్లీచింగును ఆమ్లమును ఒకేసారి వాడరాదనునది గూడ నప్పుడే నేర్చితిమి. రెండును గలిసిన క్లోరిను వాయువు పుట్టును. సైన్సు చదువు పై తరగతివారికిది క్రొత్త గాదు గాని, నేల కడుగు తల్లులలో పలువు రెరుగరు. బట్టలపెట్టెలోని కలరా ఉండలు బిడ్డకంటికి బిప్పరమెంటు బిళ్లలే. అదియు గాక, కొందఱు శిశువుల రక్తమున పుట్టుకతో నొక లోపముండును. అట్టివారికి ఆ యుండలతో దాచిన బట్టల వాసన తగిలినను రక్తకణములు చెడునట. మేము వాని నన్నిటిని దీసివేసి, ఎండిన వేపాకు పెట్టుచున్నాము. వేపాకుతో పురుగులన్నియు పోవునని చెప్పజాలము. ఏడాదికి రెండుమారులు బట్టలు ఎండలో బోయుటయే మాకు దెలిసిన మంచి యుపాయము.

భయపడినవారు మితము దప్పుదురు. మేమును దప్పితిమి. ఇంటిలోని వస్తువులన్నియు శత్రువులే యన్నట్లు నాటినుండి యేరి పారవేయ మొదలిడితిమి. 2014 సంక్రాంతి వచ్చినది. భోగినాడు పాతవస్తువులు మంటలో వేయు నాచారము మాకు మంచి నెపము దొరికినట్లయినది. విరిగిన పీట, చిల్లుపడిన చేట, చెదపట్టిన చట్రములు పోగుచేసితిమి. ఆ పోగులో అమ్మాయి యట్టపెట్టె యొకటి చేరినది. మూత దీసి చూచితిమి: చింతపిక్కలు, కాలెండరు బొమ్మల ముక్కలు, నెమలీక, ఒక చేయి విరిగిన కొండపల్లి బొమ్మ. చెత్త యనుకొంటిమి. తెల్లవారుజామున పిల్ల నిద్రలో నుండగా మంటలో వేసితిమి. తెల్లపొణికి కఱ్ఱ మిక్కిలి తేలికైనది, క్షణములో మండిపోయినది.

ఆమె యేడ్చిన బాగుండెడిది. "నా డబ్బా ఏది?" యని యొకమా రడిగి, మంట జూచి, లోపలికి బోయినది. పండుగ గడచినది. తరువాత నాలుగైదు వారములలో మా యింట వింతలు గనబడ మొదలిడినవి. బియ్యపుడబ్బాలో తలపిన్ను దొరికినది. దిండుగలీబులో గవ్వలు, బూటులో గాజుముక్క, పరుపుక్రింద నలిగిన రంగుకాగితములు. ఇల్లు సర్దుట మానుకొని యీమె యిల్లంత యేల చిందరవందర చేయుచున్నదని కోపించి యడిగితిమి. "దాచుకుంటున్నా. కనబడితే మీరు కాల్చేస్తారు" అనెను.

మేము బదులు చెప్పలేదు. ఆ రాత్రి చాలసేపు దానినిగూర్చియే మాటలాడుకొంటిమి. మా పెట్టెలలో నున్న పాత యుత్తరములు, పనికిరాని గడియారము, చిరిగిన పెండ్లి శుభలేఖ యెవరైన చెత్తయని కాల్చియుండిన మేమేమి చేసియుందుము? మరునాడామెను గూర్చుండబెట్టి, తప్పు మాదేయని చెప్పితిమి. నాలుగేండ్ల బిడ్డను క్షమాపణ యడుగుట చూచి బంధువొకరు నవ్విరి. నవ్విన నవ్వనిండు. బజారునకు గొనిపోయి యామెచేతనే యొక చిన్న యినుప ట్రంకుపెట్టెను ఎన్నిక చేయించి, తాళముచెవి మెడలో కట్టితిమి. పెట్టెలో బట్టినంతవరకు ఏమైన దాచుకొనవచ్చును, మేము తెరువము. పట్టనిది యామెయే తీసివేయవలెను. ఇది యొప్పందము. బియ్యపుడబ్బాలో పిన్నులు దొరకుట నెలదినములలో నిలిచిపోయినది.

ఆ దినములలోనే మేరియా మాంటిస్సోరీని గూర్చి కొంత చదివితిమి. 1907లో రోమునగరపు పేదల వాడయైన సాన్ లొరెంజోలో నామె పిల్లల యిల్లు స్థాపించెను. 1939లో ఆమె మద్రాసు వచ్చి అడయారునందు దివ్యజ్ఞాన సమాజమువారి చోట ఉపాధ్యాయులకు శిక్షణ మిచ్చెను. యుద్ధము కారణముగా 1946 వరకు నీ దేశముననే నిలిచిపోయెను. పిల్లల యెత్తునకు దగిన బల్లలు, కుర్చీలు, చిన్న చీపుళ్లు, చిన్న కూజాలు సమకూర్చిన, వారు తామే తుడుచుకొని సర్దుకొందురని యామె మతము. మా యింట ఖరీదైన పరికరములు లేవు. కొండచీపురు కఱ్ఱను సగమునకు గోసి యిచ్చితిమి. గోడమీది సుద్దగీతకు క్రింద రెండు చిలుకకొయ్యలు కొట్టితిమి. అప్పటివరకు గీతకు క్రిందిభాగము నిషిద్ధములతో నిండియుండెడిది. ఇప్పు డది పిల్లల రాజ్యమైనది.

ఉన్నదున్నట్లు చెప్పవలెనన్న, పిల్లల సాయముతో పని తగ్గదు, పెరుగును. పది నిమిషములలో మేము తుడుచు గదిని అమ్మాయి యరగంట తుడిచెడిది. తుడిచిన చోట తమ్ముడు నీళ్లు పోసెడివాడు. ఇద్దఱును జారిపడి నవ్వెడివారు. కచేరీకి వేళయగుచుండ నది చూచి నవ్వుట యందఱికి సాధ్యము గాదు. మాలో నొకరికి సాధ్యమయ్యెను, ఒకరికి గాలేదు. అందుచే వారములో నొకదినము మాత్రమే పిల్లల శుభ్రతదినముగా నేర్పరచి, తక్కిన దినములలో మేమే త్వరత్వరగా కానిచ్చుచు వచ్చితిమి.

ఆ దినము శుక్రవారము. కుళాయినీరు పట్టి నిలువయుంచుకొనువారికి డ్రమ్ములు, తొట్లు తప్పవు గదా. 1897 ఆగష్టు 20వ తేదీన రొనాల్డ్ రాస్ గారు సికిందరాబాదున దోమ కడుపులో మలేరియా క్రిమిని గనుగొన్న కథ పాఠశాలలో నందఱును జదువుదురు. ఆ దోమ వేఱు, మా డ్రమ్ములో బుట్టు దోమ వేఱు. డెంగీజ్వరము తెచ్చు చారలదోమ పగటిపూట కుట్టును. ఇంటిలోని మంచినీటనే గుడ్లు పెట్టును. ఏడెనిమిది దినములనుండి పదిదినములలోపల గ్రుడ్డు దోమయగును గాన వారమున కొకమారు తొట్టి ఖాళీచేయవలెను. నీరు పారబోసిన మాత్రమున చాలదు. గ్రుడ్లు తొట్టిగోడకు నీటిమట్టముపైన నంటుకొని యుండి, ఎండినను నెలల తరబడి చావక, మరల నీరు తగులగానే పిల్లలగును. కావున కొబ్బరిపీచుతో గోడలు గట్టిగా దోమవలెను. ఈ పనికి చిన్నచేతులే మేలు. పెద్దవారి భుజము దూరని తొట్టిలో బిడ్డ దూరును. నీరు పూర్తిగా దీసిన పిదపనే, ఒక పెద్దవారు ప్రక్కన నిలువబడియున్నప్పుడే మేము వాని దింపెడివారము. అబ్బాయి తొట్టిలో గూర్చుండి పాటలు పాడుచు తోమెడివాడు. తొట్టిలో గొంతు పెద్దదగునని వాని సంతోషము.

జయింపలేనివి చాల గలవు. మడత పెట్టిన బట్టలు మడతలోనే యుండునట్లు చేయుట మా వశము గాలేదు. గోడమీది వ్రాతలకు ఏటేట సున్నము వేయించితిమి. సున్నమారకమునుపే క్రొత్త యేనుగు వెలసెడిది. చివర కొక గోడను వారికే విడిచితిమి. అతిథులు వచ్చునపుడు మంచముక్రిందికి ద్రోయు నలవాటు నేటికిని పూర్తిగా బోలేదు. అయితే ఏమి త్రోయుచున్నామో యొకమారు వంగి చూచుచున్నాము.

పిల్లలిప్పుడు పెరిగినారు. చిన్నవాడీ పాఠశాలయందే చదువుచున్నాడు. తొట్టిలో బట్టడు, పాటలును మానినాడు. ట్రంకుపెట్టె మాత్ర మమ్మాయి మంచముక్రింద నింకను గలదు. దానిలో నేమున్నదో మేము నేటివరకు జూచి యెరుగము. సముద్రపు గాలికి అడుగున త్రుప్పు పట్టినది. వానలు రాకమునుపు రంగు వేయింతుమా యని యడిగితిమి. లోపలివి తీసి తానే వేసికొందునని చెప్పినది.