లంగరు వేసిన ఇల్లు

షోలాపూర్‌కు సముద్రం లేదు. కానీ 1877లో మొదటి మిల్లు నడిచినప్పటి నుంచి, పని వెతుక్కుంటూ వచ్చిన మన నేతపని వాళ్లకు ఇది రేవు పట్నమే. "రెండేండ్లు చేసుకొని మళ్లీ పోదాం" అనే మా తాత కూడా వచ్చిండు. పడవ మీద బతికేవాళ్ల లెక్క, మా నానమ్మ ఇనుప పెట్టెను ఎప్పుడూ సర్దే ఉంచేది. కిరాయి ఇంట్లో మేకు కూడా కొట్టనిచ్చేది కాదు.

లంగరు వేసింది మా అమ్మ. తునికాకు నానబెట్టి, కత్తిరించి, బీడీలు చుట్టిన పైసలతో విడీ ఘర్కుల్‌లో తన పేరున ఇల్లు తీసుకుంది. మరాఠీలో విడీ అంటే బీడీ, ఘర్కుల్ అంటే చిన్న ఇల్లు.

నేను చదివింది కన్నడ బడి, చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. "మనది ఏ ఊరు నాన్నా?" అని నా బిడ్డ అడిగితే ఇదివరకు తాత ఊరి పేరు చెప్పేవాణ్ని. ఇప్పుడు విడీ ఘర్కుల్ అంటున్నా. మీ ఇంట్లో లంగరు ఎవరు వేసిండ్రో పెద్దవాళ్లను అడిగి రాసి పెట్టుకోండి.