మొలలోతు నీళ్లల్ల

ముప్పై ఆరేండ్ల వయసుల నేను మొదటిసారి చెరువుల మొలలోతు దిగిన. దిగి, కట్ట రాయిని రెండు చేతుల పట్టుకుని వణికిన. నా ముందట నిలబడి నవ్వుతున్నది నా దగ్గర తొమ్మిదో తరగతి చదివే పిలగాడు.

"సార్, రాయి ఇడువుండ్రి. రాయి పట్టుకుంటె ఈత ఎట్లొస్తది?"

వాడికి నేను ఫిజికల్ సైన్సు చెప్త. వస్తువులు నీళ్లల్ల ఎందుకు తేల్తయో, ఎందుకు మునుగుతయో, ఆర్కిమెడిస్ ఏం చెప్పిండో పన్నెండేండ్ల సంది బోర్డు మీద బొమ్మ గీసి చెప్తున్న. నా ఒళ్లు తేల్తదని మాత్రం నాకు నమ్మకం లేకుండె.

మాది బోధన్ దిక్కు చెరుకు పండే ఊరు. మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది. ఆ కాలువ నీళ్లతోని ఈ దిక్కు వరి, చెరుకు పెరిగినయి. 1930ల ఆఖర్ల శక్కర్‌నగర్‌లో షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. 2015 డిసెంబర్‌లో మూతపడేదాక మా దిక్కు బతుకంత దాని చుట్టే తిరిగింది. మా బాపు చెరుకు కొట్టెటోడు. అవ్వ నాట్లకు, కలుపుకు పోయేది. ఇన్ని నీళ్ల నడుమ పుట్టినోనికి ఈత రాదంటె ఎవరన్న నవ్వుతరు. ఆ నవ్వుకు జవాబు చెప్పుడానికే ఇది రాస్తున్న.

2000 ఎండకాలం. ఏడో తరగతి పరీక్షలు అయిపోయినయి. ఊరి పిలగాండ్లంత ఒక పటేల్ బాయిల ఈత నేర్చుకుంటుండ్రి. కొందరు బెండ్లు కట్టుకున్నరు, కొందరు డబ్బాలు. నేను సుత ఖాళీ నూనె డబ్బాకు మూత బిర్రుగ పెట్టి, తాడుతోని నడుముకు కట్టుకుని మెట్లు దిగిన. నీళ్లు మోకాళ్లకు వచ్చినయో లేదో, పైనుంచి కేక.

"ఎవడ్రా అది? మాలోడా? బాయిల దిగుతవురా?"

అప్పటిదాక బడిల నా పక్కన కూసున్న దోస్తులు ఒక్కరు నోరు తెరవలె. డబ్బా మెట్లకు తగిలి చప్పుడు చేస్తుంటె పైకెక్కిన. ఆ పొద్దు మోటరు పెట్టి, మాపటిదాక బాయి తోడిచ్చిండ్రు. మైల పోవాలె గద. తోడిన నీళ్లు ఎటు పోయినయి? పక్కన చెరుకు తోటకే పోయినయి. ఆ చెరుకు కొట్టింది మా బాపే. ఆ చెరుకు ఫ్యాక్టరీకి పోయి చక్కెర అయింది. నా కాళ్లు తగిలిన నీళ్లకు మైల ఉన్నది గని, ఆ నీళ్లు తాగిన చెరుకుకు లేదు, చక్కెరకు లేదు. నేను లెక్కల్లో మంచిగనే ఉంటి. ఈ లెక్క మాత్రం ఇప్పటికీ తేలలేదు.

ఇంటికొస్తె అవ్వ చింతబరిగెతోని కొట్టింది. పటేల్ ఇంటోళ్లు తిట్టినందుకు అనుకున్న. "బాయే గాదు, కాలువల సుత కాలు పెట్టొద్దు. నీళ్లు మనకు అచ్చిరావు" అన్నది.

మా ఇంట్ల డిగ్రీ చదివింది నేనే మొదలు. నిజామాబాద్ హాస్టల్లో ఉన్నప్పుడు అంబేడ్కర్ గురించి చదివిన. 1927 మార్చి 20న మహాడ్‌లో చవదార్ చెరువు నీళ్లు ఆయన తాగితె, తర్వాత ఆ చెరువును శుద్ధి చేసిండ్రు. 1985 జూలైలో కారంచేడు. మాదిగలు తాగే నీళ్లను ఖరాబు చెయ్యొద్దని అడ్డుపడ్డ కాడ మొదలైన గొడవ, ఆరుగురు మాదిగలను చంపేదాక పోయింది. ఇవి చదివినంక నా నూనె డబ్బా కథ నా ఒక్కనిదే కాదని తెలిసింది. అయినా ఈత మాత్రం నేర్వలె. నౌకరి వచ్చింది, పెండ్లయింది, నీళ్లను దూరంకెల్లి చూసుడే అలవాటయింది.

రెండేండ్ల కింద బడి ఇడిచినంక ఆరో తరగతి పిల్ల ఒకతె కాలు జారి కాలువల పడ్డది. పిల్లల కేకలు విని ఉరికిన. ఒడ్డు మీద ఆగిపోయిన. ఆ పిల్ల చెయ్యి రెండుసార్లు పైకి వచ్చింది. గొర్లు కాసే ఆయన ఎవరో దుంకి, జుట్టు పట్టి గుంజిండు. బతికింది. తెల్లారి బడికొచ్చి అమాయకంగ అడిగింది, "సార్, మీకు ఈత రాదా?" క్లాసుల ఎవ్వరు నవ్వలె. నవ్వితె బాగుండు అనిపించింది.

అందుకే ఆ బెస్తోళ్ల పిలగాన్ని అడిగిన. ఆదివారం పొద్దుగాల నిజామాబాద్‌లో బండి తీసి, జానకంపేట, ఎడపల్లి దాటి ఆ ఊరి చెరువుకు పోయేది. వాళ్ల నాయిన కట్ట మీద కూసుని వల కుట్టుకుంట మమ్ములను కనిపెట్టుకుని ఉంటుండె.

మొదటి వారం ముఖం నీళ్లల్ల పెట్టి, ముక్కుతోని ఊపిరి ఇడుసుడే. ముక్కుల నీళ్లు పోయి మంట. రెండో వారం రాయి పట్టుకుని కాళ్లు కొట్టుడు. "మోకాళ్లతోని గాదు సార్, తొడల కాడినుంచి కొట్టుండ్రి." మూడో వారం ఎల్లెలికల పండుకోమన్నడు. భయానికి తల లేపుత, లేపంగనే కాళ్లు కిందికి పోతయి. "గదువ లేపితె మునుగుతరు సార్. ఊపిరి నిండ ఉంటె తేల్తమని మీరే చెప్తిరి గద!" నా పాఠం నాకే అప్పజెప్పిండు. నాలుగో వారం ఒళ్లు ఇడిసిన. చెవులు మునిగినయి. లోకం చప్పుడు ఆగి నా గుండె చప్పుడు వినబడ్డది. తేలిన.

ఒడ్డుకు రాంగనే వాళ్ల నాయిన అడిగిండు, "సారు, మీరు ఎవలోళ్లు?"

టౌన్లో కిరాయి ఇండ్ల కాడ నేను మస్తుసార్లు విన్న ప్రశ్న ఇది. నీళ్లల్లనే నిలబడి ఊరి పేరు చెప్పిన. "మాలోళ్లం. నీరడోళ్లం" అన్న.

ఆయన చేతిల దారం ఆగింది. "పక్కూరే గద. ఆ ఊరి నీరడాయన తూము కాడ పోయిండని మా తాత చెప్తుండె. మంచి ఈతగాడట. ఒక్క ఊపిరికి అడుగు ముట్టి వచ్చెటోడట."

నీరడోళ్లంటె మళ్లకు నీళ్లు కట్టి, కల్లంల మేర తీసుకునేటోళ్లని మాత్రమే నాకు తెలుసు. ఇంటికొచ్చి అవ్వను అడిగిన. చానసేపు మాట్లాడలె.

"మీ తాతనే. వాన రాత్రి కట్ట తెగుతదని పటేండ్లు వచ్చి లేపుకపోయిండ్రు. తూముకు అడ్డంపడ్డ చెత్త తీస్తుంటె తూమే గుంజుకున్నది. మీ బాపు అప్పుడు ఆరేండ్ల పిలగాడు. ఈత రానోనికి నీరడి పని చెప్పరు గద. అందుకే మీ బాపమ్మ మీ బాపును నీళ్లకు పోనియ్యలె. నిన్ను నేను పోనియ్యలె."

ఇన్నేండ్లు మాకు ఈత చేతకాదనుకున్న. చేతనైంది గనుకనే మా తాత పోయిండు. వాళ్ల పంట కోసం చెరువు అడుగుకు పోయే ఒంటికి మైల లేదు. ఆడుకోను బాయిల దిగితె అదే ఒంటికి మైల. ఒడ్డున ఆగిపోయినందుకు నేను పడ్డ సిగ్గుల కొంత నాది కాదని అప్పుడు అర్థమైంది.

ఆ పై వారం అవ్వ నాతోటి వచ్చింది. మొదలు చెరువు దిక్కు వీపు పెట్టి కూసున్నది. నేను రాయి ఇడిసి పది బారలు ఈది వెనుకకు తిరిగేసరికి నా దిక్కే చూస్తున్నది. ఒడ్డుకొస్తె కొంగుతోని నా తల తుడిసింది.

"నీ కోసం దిగు బిడ్డా, పిల్లల కోసం దిగు" అన్నది. "ఎవడన్న వచ్చి తూము తియ్యమంటె మాత్రం దిగకు."