రెండు ట్యాంకుల కారు

ఇంట్లో రెండో సిలిండరు నిండుగా ఉందంటే ఇల్లాలికి కొండంత ధైర్యం కదండీ! ఆ ధైర్యం కోసమే మా తమ్ముడు పెట్రోలుతోనూ, గ్యాసుతోనూ నడిచే కారు కొన్నాడు. వెనకసీటు కింద పెట్రోలు ట్యాంకు, డిక్కీలో సి.ఎన్.జి. సిలిండరు. ఇక రోడ్డుమీద నిలబడిపోయే ప్రశ్నే లేదన్నాడు.

నిజమే, రోడ్డుమీద నిలబడలేదు. చోడవరంలో ఇంటి గుమ్మం ముందే నిలబడిపోయింది.

2022 ఏప్రిల్‌లో చోడవరం విశాఖ జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాకి మారింది గానీ, మా నాన్నగారి డయాలసిస్ మాత్రం విశాఖలోనే. తెల్లవారుజామున అయిదింటికల్లా బయలుదేరాలి. తమ్ముడిది పైఊరి ఉద్యోగం, కారు నడిపేది మరదలే. ఒకనాడు బుద్ధిగా స్టార్టయ్యే కారు మరోనాడు మొరాయించేది. సిలిండరు నిండా గ్యాసుంది, అయినా కదలదు!

ఇలాంటి కార్లు చాలావరకు పెట్రోలుతో స్టార్టయి, ఇంజను వేడెక్కాకే గ్యాసుకి మారతాయట. అగ్గిపెట్టె లేని ఇంట్లో నిండు సిలిండరు ఉండి ఏం లాభం చెప్పండి? (రెండో ప్రపంచ యుద్ధకాలంలో పెట్రోలు కరువై బొగ్గుబస్సులు నడిచాయని మా నాయనమ్మ చెప్పేది. వాటి అలకలు వేరు.) ఆ పెట్రోలుని ఇంజనుకి తోసేది ట్యాంకులోనే మునిగి ఉండే చిన్న కరెంటు పంపు. బోరుబావిలో దింపే మోటారులాంటిదే. చుట్టూ ఉన్న పెట్రోలే దాన్ని చల్లగా ఉంచుతుంది. గ్యాసుంది కదా అని పెట్రోలు అడుగంటేదాకా తిరిగేవాళ్ల పంపులు అందుకే తొందరగా పోతాయి. మా మరదలు ఏనాడూ పావు ట్యాంకుకి తగ్గనివ్వదు.

మొదట వచ్చిన మెకానిక్కు ఏ వైరూ ముట్టుకోకుండానే "పంపు పోయింది, మార్చాల్సిందే" అనేశాడు. అతను చెప్పిన ఖర్చుతో నాన్నగారికి నెల మందులొస్తాయి. మరదలు తలూపలేదు.

"తాళం తిప్పగానే వెనకసీటు కింద 'జుయ్' మని రెండు సెకన్లు చప్పుడొస్తుంది వదినా. స్టార్టవని రోజున అది వినపడదు" అంది నాతో.

నాలుగో విజిల్‌కి వంటింట్లోకి పరిగెత్తే చెవులు మరి!

రెండో షెడ్డు పెద్దాయన ఆ మాట శ్రద్ధగా విన్నాడు. ఫ్యూజు చూశాడు, బాగుంది. హారన్ రిలే, పంపు రిలే ఒకే రకమని, ఒకదాని చోట ఇంకోటి పెట్టి చూశాడు. చప్పుడు లేదు. సిలిండరు వాల్వు కట్టేసి, తలుపులన్నీ బార్లా తెరిచి, వెనకసీటు ఎత్తించాడు. పంపు ప్లగ్గు ఊడదీసి మీటరు పెట్టాడు. మరదలు తాళం తిప్పింది. పన్నెండు వోల్టులు!

"అయితే పంపే పోయిందా?" అన్నాను, గుండె జారిపోయి.

"ఉండండమ్మా. మీటరు సగమే సెప్తది. బరువు మోస్తే కదా తెలిసేది" అంటూ అదే ప్లగ్గుకి హెడ్‌లైటు బల్బు తగిలించాడు. మరదలు మళ్లీ తాళం తిప్పింది. చమురు అయిపోయిన దీపంలా మినుకుమంది. బల్బు ఎర్తు వైపు కొసని ప్లగ్గు నుంచి తీసి, బ్యాటరీ మైనస్‌కి పొడుగు వైరుతో కలిపాడు. ఈసారి తాళం తిప్పితే, కళ్లు జిగేల్‌మన్నాయి!

"పంపు తప్పు నేదమ్మా. ఎర్తు అందట్నేదు."

గ్యాసు కిట్టు బిగించినప్పుడెవరో ఆ ఎర్తు వైరుని కోసి, మెలేసి, టేపు చుట్టి వదిలేశారు. టేపు విప్పితే రాగితీగ పచ్చగా చిలుమెక్కి ఉంది. చెమ్మ పట్టిన రోజున కరెంటుకి దారి ఉండేది కాదన్నమాట. ఎండ కాసిన రోజున కాస్త దయ తలిచేది. పెద్దాయన ఆ ముక్క కత్తిరించి, కొత్త తీగ వేసి, టంకం పెట్టి, మూడు వందలు పుచ్చుకున్నాడు. మరదలు ఇంకో యాభై ఇవ్వబోతే వద్దన్నాడు.

ఇప్పుడు డయాలసిస్ ముందురోజు రాత్రి, భోజనాలయ్యాక, మరదలు వెళ్లి ఒకసారి తాళం తిప్పి వస్తుంది. అరుగుమీద కుర్చీలోంచి నాన్నగారు "పలికిందా అమ్మాయ్?" అనడుగుతారు.

"పలికింది మావయ్యగారూ, పడుకోండి" అంటుంది.