మరుగు నీటి పాఠము



మేము ఉపాధ్యాయ శిక్షణ కళాశాలను విడిచి ఈ వృత్తిలో ప్రవేశించి ఇరువది సంవత్సరములు దాటినది. ఆ కాలమంతయు ఏటేట తొమ్మిదవ తరగతివారిచేత మేమొక వాక్యమును వల్లె వేయించుచు వచ్చితిమి: "మరుగు వేడిమిలో ఏ ప్రాణియు జీవింపజాలదు." ఆ వాక్యమును మా గురువులు మాకు చెప్పిరి, మేము మీకు చెప్పితిమి. దానిని శంకింపవలెనని మాకెన్నడును తోచలేదు.

గడచిన వర్షాకాలమున భద్రాచల ప్రాంతమునుండి వచ్చిన యొక బాలుడు చేయి యెత్తి, "మాస్టరుగారూ, మా దగ్గర గుండాలలో గోదావరి ఒడ్డున ఇసుక తవ్వితే వేడినీళ్లు ఊరతాయండి. అట్లాంటి నీళ్లలో కూడా ఏ ప్రాణీ ఉండదాండి?" అని యడిగెను. మేము విసుగుతో, "పాఠములో లేని సంగతులు నీకెందుకు? కూర్చుండుము" అంటిమి. తరగతి యంతయు నవ్వెను. బాలుడు తల వంచుకొని కూర్చుండెను.

త్రైమాసిక పరీక్షలో ఆ వాక్యమును పూరింపవలసిన చోట అతడు ఖాళీ విడిచెను. తక్కిన ప్రశ్నలకన్నిటికి సరిగా వ్రాసినవాడు దీనిని మరచియుండునా? మేము ఎర్ర పెన్సిలుతో సున్న చుట్టితిమి గాని, ఆ ఖాళీ మా మనస్సును విడువలేదు. సెలవు దినములలో గ్రంథములు తిరుగవేసితిమి. తెలిసికొన్నది మిక్కిలి సిగ్గును, అంతకంటె మిక్కిలి ఆనందమును కలిగించెను.

అమెరికాలోని యెల్లోస్టోన్ అను ప్రదేశమున గంధకపు వాసన గొట్టు ఉష్ణగుండములు కలవు. అచటి యామ్లపు నీటిలో సుమారు 80 సెంటిగ్రేడు డిగ్రీల వేడిమిలో హాయిగా పెరుగు సల్ఫోలోబస్ అను సూక్ష్మజీవిని తామస్ బ్రాక్ గారును వారి సహచరులును 1972లో వర్ణించిరి. 1977లో కార్ల్ వోస్, జార్జి ఫాక్స్ గారలు బాక్టీరియాకు చెందని వేరొక సూక్ష్మజీవుల కులము కలదని చూపిరి; ఇట్టి జీవులు ఆ కులమునకు చెందినవే. ఆ కులమునకే నేడు ఆర్కియా అని పేరు. 1997లో వర్ణింపబడిన పైరోలోబస్ అను సముద్రగర్భ జీవి 113 డిగ్రీల వేడిమిలో సైతము పెరుగును. మా వాక్యము ఇచటనే కూలిపోయినది.

అంతటితో ముగియలేదు. ఆ జీవులకు సైతము వ్యాధి కలిగించు వైరసులు కలవు! జపాను దేశమున బెప్పు అను ఊరి వేడి ఊటలలో దొరకిన సల్ఫోలోబస్‌నుండి జర్మనీ శాస్త్రజ్ఞుడు వుల్ఫ్రామ్ జిల్లిగ్ గారి బృందము ఒక వైరసును వేరు చేసెను. ఆకారమున నిమ్మకాయను పోలిన దీనికి ఎస్.ఎస్.వి.1 అని పేరు. దీని డి.ఎన్.ఏ. ఉంగరమువలె గుండ్రముగా నుండును. అందు 15,465 అక్షరపు జంటలు కలవని 1991లో పూర్తిగా చదివి తెల్పిరి.

అంత వేడిమిలో డి.ఎన్.ఏ. పోగులు విడిపోవలదా? తాడు పేనువారిని చూడుడు. పేనిన దిక్కునకే ఇంకను మెలిపెట్టినచో పురులు విడివడుట కష్టమగును. ఈ వైరసు రేణువులోని డి.ఎన్.ఏ. సరిగా అట్లే అధికముగా మెలిపడి యున్నదని 1986లో కనుగొనిరి.

ఈ వైరసు తన జన్యుసూత్రమును ఆతిథేయి జన్యుసూత్రములో ఒకే నియమిత స్థలమున అతికించుకొనును. ఆ యతుకు వేయు పనిముట్టును తయారుచేయు జన్యువే యతుకుటలో రెండు తునకలగుట చిత్రము. అతినీలలోహిత కిరణములు సోకినపుడు వైరసు మేల్కొని తన ప్రతులను విస్తారముగా పుట్టించును; అయినను తనకు చోటిచ్చిన జీవిని సామాన్యముగా చంపదు.

దీని జన్యువులలో పెక్కింటికి అంతవరకు తెలిసిన యే జీవి జన్యువులతోను పోలిక కానరాలేదు. అయితే 2004లో యెల్లోస్టోన్ నీటినుండి వర్ణింపబడిన వేరొక వైరసు కవచపు మాంసకృత్తు, మనుష్యులకు జలుబు తెచ్చు ఎడినోవైరసు కవచమును పోలి మడతలు పడియున్నది. మరుగు గుండములోని వైరసునకును మన ముక్కులోని వైరసునకును అనాదియందు ఒకే మూలపురుషుడు ఉండవచ్చునని శాస్త్రజ్ఞులు తలంచుచున్నారు.

తల్లులకొక మనవి. ఇది చదివి నీరు కాచుట మానవలదు. కలరా, టైఫాయిడు మొదలగు రోగములను తెచ్చు క్రిములు మరుగు నీటిలో నిశ్చయముగా చచ్చును. మేము చెప్పిన వైరసులు మనుష్యులను అంటవు. వాటి ఆతిథేయులు మన కడవలోని చల్లని నీటిలో పెరుగజాలవు. మేము "రోగక్రిములు" అనవలసిన చోట "ఏ ప్రాణియు" అంటిమి. తప్పు ఆ రెండు మాటలలో నున్నది.

పాఠశాల తెరచిన మొదటి దినముననే ఆ వాక్యమును నల్లబల్లపై వ్రాసి, తరగతి యెదుటనే తుడిచివేసితిమి. ఆ బాలుని పేరు పెట్టి పిలిచి, "నాయనా, నీ ప్రశ్న సరియైనది, మా జవాబు తప్పు. నిన్ను నవ్వులపాలు చేసినందుకు క్షమింపుము" అని, అతని జవాబు పత్రముపై సున్న కొట్టివేసి మార్కు వేసితిమి. ఈ సారి ఎవ్వరును నవ్వలేదు. అతడు పత్రమును మడిచి జేబులో పెట్టుకొని, కొంతసేపు ఊరకుండి, "అయితే మాస్టరుగారూ, మా గుండాల నీళ్లు ఒక సీసాలో పట్టుకొని రమ్మంటారా అండి?" అనెను.

రమ్మంటిమి. పాఠశాల సూక్ష్మదర్శినిలో వైరసు కనబడదని కూడ చెప్పితిమి. అది అంత చిన్నది. అయినను సీసా వచ్చినది. దానిని బల్లపైనుంచి, ఆ దినమున పాఠ్యపుస్తకమును తెరువక, పిల్లల ప్రశ్నలనే పాఠముగా వినుచు కూర్చుంటిమి. ఇరువది యేండ్లలో మేము చెప్పిన పాఠములలో అంత మంచిది వేరొకటి లేదు.