నేల లెక్క, నీటి లెక్క

విశాఖ రేవు దాటి మరబోటు తూర్పుకు పోతుంటే సెల్‌ఫోనులో సిగ్నల్ గీతలు ఒకటొకటే తగ్గి, చివరికి ఒక్కటీ మిగలదు. కబుర్లు ఆగిపోతాయి, పాటలు ఆగిపోతాయి. మ్యాపు మీది నీలి చుక్క మాత్రం బోటుతోబాటు కదులుతూనే ఉంటుంది. ఆ చుక్కకు టవరుతో పనిలేదు. ఇరవై వేల కిలోమీటర్ల పైన తిరిగే ఉపగ్రహాలు తమ గడియారం వేళను ఎడతెగకుండా పంపుతుంటాయి. ఫోను వాటిని వింటుంది, అంతే. నాలుగింటి మాట అందితే తానెక్కడున్నదీ లెక్క కట్టుకుంటుంది. మేడల మధ్య సందుల్లో తడబడే ఈ లెక్క సముద్రం మీద చక్కగా కుదురుతుంది. అక్కడ ఆకాశానికి అడ్డమేముంది? 2000 మే నెల దాకా అమెరికా ప్రభుత్వం సామాన్యులకు అందే జీపీఎస్ సంకేతాన్ని కావాలనే చెడగొట్టి వదిలేది. అది మానేశాక, ఇవాళ చేతిలో ఫోను అయిదారు మీటర్ల తేడాలో చోటు చెబుతోంది.

దీని విలువ మన తీరం వాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు. పెద్దతరం సరంగులు విశాఖలోని డాల్ఫిన్స్ నోస్ కొండనూ, దాని వెనకాల మరో శిఖరాన్నీ ఒక వరుసలోకి తెచ్చుకుని వేట చోటు గుర్తుపెట్టుకునేవారు. గొప్ప విద్యే అది. కానీ మంచు పట్టినా, వాన కమ్మినా ఆ గుర్తు మాయమయ్యేది. 2018లో బతుకుతెరువుకు గుజరాత్ తీరానికి వెళ్లిన మన శ్రీకాకుళం జాలర్లు పాకిస్తాన్ జలాల్లోకి వచ్చారంటూ పట్టుబడి, 2020 జనవరి దాకా అక్కడి జైల్లో మగ్గారు. నీటి మీద సరిహద్దుకు రాయీ ఉండదు, కంచే ఉండదు. ఉన్నదల్లా అంకెలే.

నాకైతే చోటు కంటే వేగం చూపించే అంకె మీదే మక్కువ ఎక్కువ. ముందుగా ఆ అంకెను కిలోమీటర్లలోంచి నాట్స్‌లోకి మార్చుకోవాలి. ఒక నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు, 1.852 కిలోమీటర్లు. భూగోళం మీద అక్షాంశంలో ఒక నిమిషం దూరం సుమారుగా అదే. కాబట్టి 6 నాట్స్‌తో నేరుగా ఉత్తరానికి పోతే పది గంటలకు ఒక డిగ్రీ దాటుతాం. సముద్రం లెక్కలు ఇంత పొందికగా ఉంటాయి. ఉపగ్రహం నుంచి వచ్చే తరంగాల్లో మన కదలిక వల్ల కలిగే చిన్న మార్పును పట్టుకుని ఫోను ఈ వేగం చెబుతుంది గనుక, మామూలు నడకలో ఆ అంకెను నమ్మవచ్చు.

అయితే అది నేల మీది వేగం. బోటు నడిచేది నీటిలో, ఆ నీరు కూడా నడుస్తూ ఉంటుంది. ఈ సంగతి సరంగు పక్కన నిలబడి చూస్తే కళ్లకు కడుతుంది. సరంగు ఇంజను జోరు మార్చలేదు. అయినా వెళ్లేటప్పుడు తెర మీద 7, అదే దారిన తిరిగి వచ్చేటప్పుడు 5. గాలి లేని రోజున ఇంజనులో తప్పు వెతకనక్కర్లేదు. బోటు రెండుసార్లూ నీటిలో 6 నాట్స్‌తోనే నడిచింది. నీరు ఒక నాట్ చొప్పున పోయేటప్పుడు మోసింది, వచ్చేటప్పుడు పట్టి లాగింది. ముప్పై నాటికల్ మైళ్లు పోవడానికి నాలుగుంబావు గంటలు పట్టిందని, తిరుగుదారికీ అంతే డీజిలు ఉంచుకుంటే ఎలా? తిరిగి రావడానికి ఆరు గంటలు పడుతుంది. మన తీరం వెంట శివరాత్రి రోజుల నుంచి నీరు ఉత్తరానికి లాగుతుంది, దీపావళి నాటికి దక్షిణానికి మళ్లుతుంది. ఏ ఇంజనుకు ఎంత జోరో తెలిసిన సరంగు ఫోనులో అంకె చూసి, ఆ తేడాలో నీటి లాగుడు చదివేస్తాడు. “ఫోను నేల లెక్క సెప్తాది బాబూ, నీటి లెక్క మనమే కట్టుకోవాల” అన్నాడొక పెద్దాయన. ఇంతకంటే బాగా చెప్పిన పుస్తకం నేను చదవలేదు.

దిక్కు విషయమూ అంతే. బోటు ముక్కు తూర్పుకే ఉంటుంది. తెర మీద దాని జాడ మాత్రం ఈశాన్యానికి వంగుతుంది. రెండూ నిజమే. ఇంజను ఇనుము దగ్గర ఫోనులోని దిక్సూచి తప్పు చెప్పవచ్చు కాబట్టి, బోటు కదులుతున్నప్పుడు జాడనే నమ్ముకోవడం మేలు.

అన్నిటికన్నా ప్రమాదం అంకెల మధ్య పెట్టే చిన్న చుక్క దగ్గరుంది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ ఉపగ్రహ చిత్రాల్లో నీటి వేడినీ, నాచు జాడనూ చూసి, చేపలు దొరికే చోట్లను దూరం, దిక్కు, లోతుతో సహా తెలుపుతుంది. అక్షాంశ రేఖాంశాలూ ఇస్తుంది. ఒకరు 17 డిగ్రీల 41.50 నిమిషాలు అని చెబితే, ఇంకొకరు దాన్ని ఫోనులో 17.4150 డిగ్రీలుగా కొట్టారనుకోండి. అది 17 డిగ్రీల 24.9 నిమిషాలవుతుంది. తేడా ముప్పై కిలోమీటర్లు! అంకెలు చెప్పుకునేటప్పుడు డిగ్రీలా, నిమిషాలా అని అడిగి మరీ రాసుకోవాలి.

ఇక ఫోను ఎరగనివి. రోడ్ల మ్యాపుకు నీటి లోతు తెలియదు. గోదావరి మొగ దగ్గర ఇసుక మేటలు చోటు మారుతుంటాయి. ఇంటికి తెర మీద గీసిన తిన్నని గీత వాటి మీదుగానే పోవచ్చు. ఉప్పునీటి బొట్టు పడితే తెర దాన్ని వేలనుకుని ఎటో జరుగుతుంది, తడి చేత్తో తాకితే పలకదు. ఎర్రటి ఎండలో వేడెక్కి ఆగిపోతుంది కూడా. ప్లాస్టిక్ సంచీ, నీడ, పవర్ బ్యాంకు ఉండాలి. మ్యాపును ఒడ్డునే ఫోనులోకి దింపుకోవాలి, రేవు ముఖద్వారాన్ని బయల్దేరేటప్పుడే గుర్తు పెట్టుకోవాలి.

వేటకు పోయే చోటు అంకెలను కాగితం మీద రాసి ఇంట్లో ఇచ్చి వెళ్లండి. ఎటు పోతున్నదీ, ఎప్పటికి వస్తామన్నదీ పక్కనే రాయండి. లోతు సముద్రంలో మన ఫోను ఎవరినీ పిలవలేదు. ఫోను చేసి పిలవగలిగేది ఒడ్డునున్న వాళ్లే. తీరరక్షక దళం నంబరు 1554. దాన్ని ఇంటి గోడ మీద పెద్దక్షరాలతో రాయించండి.