ఈత రాదని చెప్పడానికి సిగ్గెందుకు?

వచ్చే ఆదివారం తెప్ప మీద వాగులో తిరిగొద్దామని మా హాస్టల్లో ప్లాన్ వేసుకున్నాం. "గోదారి పిల్లలం, మనకి లైఫ్ జాకెట్లేంటి?" అని నవ్వుకున్నాం. ఒకడు మాత్రం నవ్వలేదు. రాత్రి మెల్లగా చెప్పాడు, ఈత రాదని. ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటివాళ్లం. తెలీదని చెప్పాలంటే ఎంత భయమో మాకూ తెలుసు.

2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగితే మనవాళ్లే పడవలేసుకెళ్లి కొందరిని కాపాడారు. నీళ్లు ఎవరి బిడ్డలని చూడవు.

ప్లాన్ మార్చాం. వాన లేని రోజు, నడుం లోతు నీళ్లు, గెడ వేయడం తెలిసిన మా ఊరి తాత, గట్టు మీద తాడుతో ఇద్దరు, మధ్యాహ్నానికల్లా తిరుగు. ఈత వచ్చినా రాకపోయినా అందరికీ జాకెట్. మీరూ వెళ్తే ముందు అడగండి, ఎవరికి ఈత రాదని. చెప్పినోళ్లని చూసి నవ్వకండి.