తుపాను వెలిసిన తరువాత

బొమ్మలోని గీతలనూ రంగులనూ విడదీసి చూపబోతే మన మిత్రుల్లో కొందరికి వెంటనే అనుమానం పుడుతుంది. వస్తువును వదిలి శిల్పం పట్టుకున్నాడు, ఇక వీడు దారి తప్పినట్టే అంటారు. మా అధ్యాపకుల గదిలో ఒక మిత్రుడు నా ముఖం మీదే అన్నాడు. ఆ మాటకు కారణమైన బొమ్మ అమెరికన్ చిత్రకారుడు విన్‌స్లో హోమర్ 1899లో వేసిన ‘తుపాను తరువాత, బహామాస్’. షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో వున్న నీటిరంగుల చిత్రం. ఎత్తు సుమారు 15 అంగుళాలు, వెడల్పు 21. నేనెరిగింది దాని అచ్చుప్రతినే.

ఇసుక మీద నల్లజాతి మనిషి ఒకడు వెల్లకిలా పడివున్నాడు. పక్కన బద్దలైన పడవ. వెనక ఇంకా నురగలు కక్కుతున్న సముద్రం, పైన విచ్చుకుంటున్న కారుమబ్బులు. అంతే. వొడ్డున మరో మనిషి లేడు.

అతను బతికివున్నాడా, లేడా? నా విద్యార్థులు మొట్టమొదట అడిగేది ఇదే. జవాబు కథలో దొరకదు, కూర్పులో వెతుక్కోవాలి. పడవ ముక్క ఏటవాలుగా పైకి లేచివుంది. విసిరికొట్టిన బలమంతా ఆ వాలులో వుంది. మనిషి మాత్రం నేలకు కరుచుకుని అడ్డంగా వున్నాడు, ఆ బలం అక్కడికి వచ్చి ఆగిపోయినట్టు. అయితే తల దగ్గర వంచిన చెయ్యి నిద్రపోయే పిల్లవాడి చెయ్యిలా వుంది. ఆ ఒక్క వంపు లేకపోతే ఇది శవం బొమ్మ అయ్యేది. మన ఆలంకారికులు ధ్వని అన్నది ఇలాంటి చోటనే పనికొస్తుంది కాబోలు!

ఇక వెలుగు సంగతి. తైలవర్ణాల్లో తెలుపు కావాలంటే పైన పూయవచ్చు. నీటిరంగుల్లో చాలావరకు కాగితాన్నే తెలుపుగా మిగుల్చుకోవాలి. లేదా వేసిన రంగును తడిపి అద్దాలి, గీకాలి. ఈ చిత్రంలో హోమర్ ఇవన్నీ చేశాడు. ఎక్కడ రంగు వేయకూడదో ముందే తెలిసినవాడి పని ఇది. ఆ తెల్లని ఇసుక మీద గోధుమరంగు దేహాన్ని కన్ను తప్పించుకోలేదు.

అదే 1899లో ఆయన ‘గల్ఫ్ స్ట్రీమ్’ అనే తైలచిత్రం కూడా వేశాడు. తెరచాపకొయ్య విరిగిన పడవలో నల్లవాడు, చుట్టూ సొరచేపలు, దూరాన ఓడ. ఇతని గతేమవుతుందని చూసినవాళ్లు అడిగితే, ఎవరో రక్షిస్తారనీ ఇల్లు చేరి సుఖంగా వుంటాడనీ హోమర్ ఎకసక్కెంగా జవాబు రాశాడు. ప్రసిద్ధి దానికే ఎక్కువ. నా మటుకు నాకు అది కాస్త ఎక్కువగా మాట్లాడుతుంది. సొరచేపల భయం పెద్దదైనచోట మనిషి చిన్నవాడైపోయాడు.

నా మిత్రుడి అసలు ప్రశ్న వేరు: “ఆ పడవ ఎవరిదయ్యా? అతన్ని సముద్రం మీదికి పంపిందెవరు?” న్యాయమైన ప్రశ్న. బహామాస్ అప్పుడు బ్రిటిష్ వలస. బానిసత్వం 1834లోనే రద్దయినా, సముద్రపు స్పాంజి తీసేవాళ్లు నస్సావు వర్తకుల దగ్గర ముందుగా సరుకు అప్పు తీసుకుని, ఆ అప్పుకు కట్టుబడి పనిచేసేవారు. బొమ్మలోని మనిషి అలాంటివాడేనని చెప్పటానికి ఆధారం లేదు. చిత్రం ఆ మాట చెప్పదు. చెప్పనిదాన్ని దానికి అంటగట్టటం విమర్శ కాదు. చరిత్రను మనం పక్కన పెట్టుకుని చదువుకోవలసిందే.

కాని చిత్రం చెప్పినదాన్ని మాత్రం ఎందుకు వదులుకోవాలి? హోమర్ బహామాస్‌కు మొదటిసారి వెళ్లింది 1884 చివర, ‘సెంచురీ’ పత్రిక పని మీద. శీతాకాలపు విహారస్థలంగా నస్సావును గురించిన వ్యాసానికి బొమ్మలు వేసి ఇవ్వాలి. ఆ వ్యాసం 1887లో అచ్చయింది. అమెరికాలోని కలిగినవాళ్లను చలికాలంలో రమ్మని పిలిచిన ఎండ అది. పన్నెండేళ్ల తరువాత ఆ ఎండకోసమే ఆయన కాగితాన్ని తెల్లగా వదిలాడు, దాని మధ్య ఈ మనిషిని పడుకోబెట్టాడు.